తనం పక్కన ఊస్

ఫిన్లాండ్‌లో కాన్పుకు సిద్ధమవుతున్న ఇంటికి ప్రభుత్వం ఒక అట్టపెట్టె పంపుతుంది. పసిబట్టలు, దుప్పటి, చిన్న పరుపు అందులో ఉంటాయి. సామాను తీసేశాక ఆ పెట్టెలోనే బిడ్డను పడుకోబెట్టుకోవచ్చు. 1938లో పేద తల్లుల కోసం మొదలై, 1949 నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా అందరికీ అందుతున్న ఈ పెట్టెకు వాళ్ళ పేరు ఐతియుస్‌పక్కౌస్. ఐతి అంటే తల్లి, ఐతియుస్ అంటే తల్లితనం. పకత అంటే సర్ది కట్టడం, పక్కౌస్ అంటే అలా కట్టిన మూటో పెట్టో. రెండు ముక్కలూ వినడానికి ఒకేలా ముగుస్తున్నాయి. కానీ రెంటికీ షష్ఠీ విభక్తి చేర్చి చూడండి: మొదటిది ఐతియుదెన్ అవుతుంది, రెండోది పక్కౌక్సెన్ అవుతుంది. ఒకదానిలో ‘ద’ వచ్చింది, ఇంకొకదానిలో ‘క్స’ వచ్చింది. మొదటిది గుణాన్నో స్థితినో చెప్పే ప్రత్యయం, రెండోది పని వల్ల పుట్టిన ఫలితాన్ని చెప్పే ప్రత్యయం. ప్రథమలో కవలల్లా ఉన్న ఈ రెండూ విభక్తి తగలగానే తమ పుట్టుక బయటపెడతాయి.

ఫిన్నిష్‌లో భావనామాల తయారీ గురించి చెప్పాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. విశేషణానికో నామవాచకానికో ఊస్ చేర్చితే గుణమో స్థితో. నువొరి (యువ) నుంచి నువొరూస్ (యవ్వనం), లప్సి (బిడ్డ) నుంచి లప్సూస్ (బాల్యం), వపా (స్వేచ్ఛగా ఉన్న) నుంచి వపౌస్ (స్వేచ్ఛ). పదంలో ‘అ, ఒ, ఉ’ ఉంటే ఊస్, అవి లేకుంటే దాని జంట అయిన యూస్. ఇసా (తండ్రి) నుంచి ఇస్యూస్ (పితృత్వం) వస్తుంది. ‘హరిని, గురువును’ అన్నప్పుడు ని, ను మారడంలో ఇలాంటి అచ్చుల పొత్తే మనకూ తెలుసు. ఇక క్రియ నుంచి వచ్చేవి వేరే దండు. చదవడం లుకెమినెన్. రాసినది కిర్యొయ్తుస్. ఏలు అనే అర్థమున్న హల్లిత నుంచి హల్లితుస్, అంటే ప్రభుత్వం. తెచ్చు అనే తువొద నుంచి తువొన్తి, అంటే దిగుమతి; తీసుకుపో అనే క్రియ నుంచి వియెన్తి, అంటే ఎగుమతి. ఓడరేవు లెక్కల్లోని ఈ రెండు మాటలు ఇంట్లో పిల్లవాణ్ణి నీళ్ళు తెమ్మనే క్రియల నుంచే పుట్టాయి.

తెలుగును దీని పక్కన పెట్టి చూస్తే ఒక విషయంలో మనదే స్పష్టమైన ఏర్పాటు. గుణానికి తనం, రికం, దనం. పనికి డం, పు, ఇక, ట. మంచి నుంచి మంచితనం, పేద నుంచి పేదరికం, చల్లన నుంచి చల్లదనం. తీర్చు నుంచి తీర్పు, కోరు నుంచి కోరిక, ఆడు నుంచి ఆట. ఈ మాటల్లో గుణప్రత్యయం పనిప్రత్యయంలా కనబడదు. ఫిన్నిష్ నేర్చుకునే పరాయివాడు రక్కౌస్ (ప్రేమ) చూసి, దాని షష్ఠి రక్కౌదెన్ అవుతుందో రక్కౌక్సెన్ అవుతుందో తెలియక తడబడతాడు. అది ‘రకస్’, ప్రియమైన అనే విశేషణం నుంచి వచ్చిందని తెలిస్తేనే రక్కౌదెన్ అని చెప్పగలడు. తెలుగు నేర్చుకునేవాడికి మంచితనం, తీర్పుల మధ్య ఆ చిక్కు లేదు.

ఈ రెండు భాషలను పక్కపక్కన పెట్టడం కొత్త కాదు. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో మన భాషలను సంస్కృతం నుంచి విడదీసి నిలబెట్టి, అదే ఊపులో ఫిన్నిష్ వంటి భాషలు చేరిన ‘సిథియన్’ వర్గంతో చుట్టరికం కలిపాడు. మొదటి మాట నిలిచింది. రెండో మాటను భాషాశాస్త్రం ఒప్పుకోలేదు. ఫిన్నిష్ ఉరాలిక్ కుటుంబానిది, తెలుగు ద్రావిడ కుటుంబానిది. రక్తసంబంధం లేదు, నిర్మాణంలో పోలిక ఉంది: రెండూ ధాతువు చివర ప్రత్యయం మీద ప్రత్యయం పేర్చుకుంటూ పోయే భాషలు. పోలిక అంత ఉండీ, ఆ పేర్చే శక్తిని రెండు సమాజాలూ వాడుకున్న తీరు మాత్రం పూర్తిగా వేరు. ఈ తేడాయే నన్ను పట్టి లాగుతుంది.

ఫిన్నిష్ తన పాలనా, శాస్త్ర పదాలను ఎక్కువగా సొంత ప్రత్యయాలతోనే కట్టుకుంది. దానికి మొదట్నుంచీ రాజ్యాధికారం ఉండి ఇలా అయిందనుకుంటే పొరపాటు. మికాయెల్ అగ్రికొల 1543లో అక్షరాల పుస్తకం వేసినా, 1809 దాకా ఆ దేశం స్వీడన్‌లో భాగం, తర్వాత రష్యా చక్రవర్తి కింద ఉన్న ప్రాంతం. కచేరీ, కోర్టు స్వీడిష్‌లో నడిచేవి. ఫిన్నిష్ రైతు భాష. 1863లో రెండో అలెగ్జాండర్ ఉత్తర్వుతో, ఇరవై ఏళ్ళ గడువు పెట్టి, ఫిన్నిష్‌కు పాలనలో స్వీడిష్‌తో సమాన స్థానం వచ్చింది. అంటే ఒక్క తరంలో పొలం భాష న్యాయం, వైద్యం, గణితం, తత్వం చెప్పగలగాలి. ఆ పనికి పూనుకున్నవాళ్ళలో ఇద్దరు ప్రముఖులు వైద్యులు కావడం నాకు ఎంతో ముఖ్యంగా కనిపిస్తుంది. ఒకరు ఫిన్నిష్ ఇతిహాసం ‘కలెవాల’ సంకలనకర్త ఎలియాస్ లొన్‌రొత్. కయాని ప్రాంతంలో జిల్లా వైద్యుడు. ఇంకొకరు యువాస్క్యులాలో వైద్యుడు వొల్మర్ షిల్ద్త్. ఇంటిపేరులోని ‘డాలు’ను ఫిన్నిష్‌లోకి మార్చుకొని కిల్పినెన్ అయ్యాడు. రోగికి అర్థం కాని పేరు చెప్పి మందు ఇవ్వడం కుదరదని రోజూ చూసే మనుషులు వీళ్ళు. లొన్‌రొత్ శరీరంలోని సిర, ధమనులకు కూడా దిగడం, అధికారం వంటి అర్థాలున్న వాడుక మాటల నుంచి లస్కిమొ, వల్తిమొ అని పేర్లు కట్టాడు. షిల్ద్త్ మరీ సున్నితంగా పనిచేశాడు. తియెతొ అంటే తెలివిడి. దాని చివరి అచ్చు మార్చి తియెదె, అంటే శాస్త్రం. తయ్తొ అంటే నేర్పు. దాని నుంచి తయ్దె, అంటే కళ. చివర ఒక్క అచ్చు మారి, దానితో పాటు ఒక హల్లు మెత్తబడింది, అంతే. ‘నేర్పు’కూ ‘కళ’కూ మధ్య ఉన్న దగ్గరితనాన్ని ఆ భాష మాట్లాడే ప్రతి మనిషీ తెలియకుండానే మోస్తున్నాడు.

సాహిత్యం అనే మాటనే తీసుకోండి. కిర్య అంటే పుస్తకం. కిర్యల్లినెన్ అంటే పుస్తకానికి సంబంధించిన, రాతలో ఉన్న. దానికి ఊస్ చేర్చితే కిర్యల్లిసూస్. 1831లో హెల్సింకిలో పుట్టిన ఫిన్నిష్ సాహిత్య సంఘం పేరులోనే ఈ మాట ఉంది. బడికి వెళ్ళే పిల్లవాడు ఈ మెట్లు ఒక్కొక్కటే ఎక్కి చేరగలడు. మన ‘సాహిత్యం’ సహిత శబ్దం నుంచి వచ్చింది. మార్పు పదం చివర ఒక్కటే జరగలేదు, మొదటి అచ్చు కూడా సాగింది. సుందర సౌందర్యం అవుతుంది, పండిత పాండిత్యం అవుతుంది, స్వతంత్ర స్వాతంత్ర్యం అవుతుంది. సంస్కృతంలో ఇది చక్కని, నియమబద్ధమైన పద్ధతి. తెలుగు చెవికి మాత్రం తల మారడం అంతగా అలవాటు లేదు. మన భాషలో మార్పు చాలావరకు తోకలోనే. అందుకే పంద్రాగస్టు వచ్చిందంటే బ్యానర్ల మీద ‘స్వాతంత్ర’ దినోత్సవాలు వెలుస్తాయి. ఆ బ్యానరు రాసిన మనిషిని తప్పు పట్టలేను. అతని భాషలోని ఏ సూత్రమూ ఆ ‘య’వత్తును గుర్తుచేయదు. ఫిన్లాండ్ 1917 డిసెంబరు 6న స్వతంత్రమైంది. ఆ స్వాతంత్ర్యానికి వాళ్ళ మాట ఇత్సెనైస్యూస్: ఇత్సె అంటే తాను, ఇత్సెనైనెన్ తనంతట తానుండే, ఆపైన యూస్. మన ‘స్వ’, వాళ్ళ ‘ఇత్సె’ ఒకే ఆలోచన. రాయడంలో కష్టసుఖాలు మాత్రం ఒకటి కావు.

ఫిన్నిష్ దారంతా నున్నగా ఉంటుందని చెప్పడం లేదు. తొసి (నిజమైన) నుంచి సత్యం తొతూస్ అవుతుంది, తొసూస్ కాదు. ఊసి (కొత్త) నుంచి ఊతూస్. లోపల దాగి ఉన్న ‘త’కారం బయటకొస్తుంది. వాళ్ళ పిల్లలు మాటలతో పాటే అది పట్టేస్తారు, పరాయివాళ్ళు బట్టీ పడతారు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఈ కొత్త మాటల్లో చాలావాటి అర్థం స్వీడిష్, జర్మన్ మాటల అచ్చుకు సరిపోయేలా కట్టినదే. గణితంలో సంభావ్యతకు వాళ్ళు వాడే తొదెన్న్యాకొయ్స్యూస్‌ను విడదీస్తే ‘నిజంలా కనిపించేతనం’ అని వస్తుంది. స్వీడిష్ మాట నిర్మాణమూ అదే. అర్థాన్ని అరువు తెచ్చుకున్నారు, ఒళ్ళు మాత్రం ఇంటిదే ఉంచారు. మనం ‘సంభావ్యత’లో అర్థాన్నీ ఒంటినీ రెంటినీ తెచ్చుకున్నాం. ఇంటర్ పిల్లలకు ఆ అధ్యాయం మొదలయ్యే రోజున లెక్కకంటే ముందు ఆ పేరే కొత్త.

అన్నిటికంటే నన్ను కలతపెట్టే జంట ఇంకొకటుంది. చదువు రాకపోవడాన్ని ఫిన్నిష్‌లో లుకుతయ్దొత్తొమూస్ అంటారు. పొడుగు చూసి భయపడక్కర్లేదు, ముక్కలు చేస్తే చాలు. లుకు చదువు, తయ్తొ నేర్పు, తొన్ లేని, ఊస్ తనం. చదివే నేర్పు లేనితనం. 1686 నాటి చర్చి చట్టం కింద క్రైస్తవ బోధ నేర్చి మతాధికారి దగ్గర పరీక్షకు నిలబడితే గాని పెళ్ళికి అర్హత రాని దేశమది. చదవడం వచ్చా రాదా అన్నది ఊరి గుమ్మంలో నలిగిన ప్రశ్న. దాని పేరు కూడా గుమ్మం భాషలోనే ఉంది. మన మాట నిరక్షరాస్యత. అక్షరం ‘ఆస్యం’లో, అంటే నోట ఉన్నవాడు అక్షరాస్యుడు, దానికి ముందు నిర్, వెనక త. కట్టిన పండితుడి ప్రతిభకు వంక పెట్టలేం. కానీ ఏ మనిషి స్థితిని ఆ మాట చెబుతోందో ఆ మనిషికే అది తెలియదు. ఆమె ‘నాకు చదువు రాదు’ అంటుంది. సర్వేకు వచ్చినాయన ఆమె పేరు పక్కన నిరక్షరాస్యురాలు అని రాసుకుంటాడు. ఒకే గదిలో కూర్చున్న ఇద్దరి మధ్య ఒక ప్రత్యయమంత దూరం ఏర్పడింది. చదువులేమి అని రాసుంటే ఆ దూరం ఉండేది కాదు.

మనకు రెండు అంతస్తులున్నాయి. నా ఫిర్యాదు దాని గురించే. తల్లితనం ఇంటిమాట, మాతృత్వం సభామాట. చుట్టరికం పెళ్ళిలో, బంధుత్వం వ్యాసంలో. ఫిన్నిష్‌లో ఐతియుస్ జోలపాట మీద వ్యాసంలోనూ అదే, ప్రసూతి సాయం దరఖాస్తులోనూ అదే. ఇస్యూస్ కోర్టులో పితృత్వ వివాదానికీ అదే, తండ్రిగా ఉండడమనే అనుభవానికీ అదే. 2011 లెక్కల్లో దేశంలో 8 కోట్లమందికి పైగా మాతృభాషగా ఉన్న తెలుగు తన సొంత ప్రత్యయాలను పై అంతస్తుకు రానివ్వడానికి జంకుతుంటే, అందులో పదోవంతైనా మాట్లాడేవాళ్ళు లేని భాష ఆ పని ఎప్పుడో పూర్తిచేసింది.

అయితే మాటలూ ప్రత్యయాలూ ఇన్ని ఉండడం వల్ల లాభం లేదనడం అన్యాయం. పెద్ద అనే ఒక్క మాట దగ్గర ఆగండి. పెద్దతనం వయసు గురించి. పెద్దరికం గౌరవం గురించి. ఊళ్ళో నలుగురూ ఇచ్చేది. పెత్తనం కూడా పెద్ద, తనాల కలయికే, కానీ అది అధికారం, నలుగురి మీదా చెలాయించేది. పెద్దరికం నిలుపుకున్నవాడు పెత్తనం చేయడు అంటే తెలుగువాడికి వివరణ అక్కర్లేదు. మూడు ప్రత్యయరూపాలు ఒక ఊరి రాజకీయాన్నంతా పంచుకున్నాయి. ఈ నాజూకు ఒక్క ఊస్‌తో రాదు. ఫిన్నిష్‌లో ఒయికెవుస్ చూడండి: సరైన అనే విశేషణం నుంచి వచ్చిన ఈ మాటకు హక్కు అనీ అర్థమే, న్యాయం అనీ అర్థమే, న్యాయస్థానం అనీ అర్థమే. మనం మూడు మాటల్లో విడదీసి చెప్పేదాన్ని వాళ్ళు సందర్భం చూసి తెలుసుకోవాలి. తత్వవేత్తకు ఇది అందంగా ఉండొచ్చు, కక్షిదారుకు అంత సుఖంగా ఉండదు.

ప్రత్యయాలు ధారాళంగా ఉన్న చోట ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఫిన్నిష్ భాషాసలహాదారులు దానికి ఒక పేరే పెట్టారు: సుబ్స్తన్తీవితౌతి, నామవాచకాల జబ్బు. తర్కస్తా అంటే తనిఖీ చేయి. ఆ ఒక్క క్రియతో పోయేదాన్ని ఆఫీసు కాగితం ‘తర్కస్తుస్ నిర్వహించబడుతుంది’ అనే తీరులో సాగదీస్తుంది. క్రియను భావనామంగా చచ్చుపడేలా చేసి, దాన్ని మోయడానికి ఇంకో అర్థంలేని క్రియను తెస్తుంది. చేసిందెవరో వాక్యంలోంచి మాయమవుతారు. తెలుగులో దీని తోబుట్టువు ‘జరిగింది’. అధికారులు వచ్చి చూశారు అనడానికి బదులు ‘అధికారులచే పరిశీలించడం జరిగింది’. చెప్పాను అనడానికి బదులు ‘తెలియజేయడం జరిగింది’. మన డం ప్రత్యయం ఎంత సులువుగా ఏ ధాతువుకైనా అతుక్కుంటుందో, అంతే సులువుగా బాధ్యతను దాచడానికీ పనికొస్తోంది. ఈ జబ్బు దగ్గర రెండు భాషలూ సమానమే. మందు దగ్గర మాత్రం తేడా ఉంది. 2003లో వచ్చిన ఫిన్లాండ్ పాలనా చట్టం, అధికారి తగిన, స్పష్టమైన, అర్థమయ్యే భాష వాడాలని చట్టంలోనే రాసింది. మన 1966 నాటి అధికార భాషా చట్టం తెలుగు వాడమంది. ఎలాంటి తెలుగు అన్న ప్రశ్న ఆ తర్వాత వాడుకకే వదిలేశాం.

మరి తెలుగు ప్రత్యయాలకు పై అంతస్తు మోసే సత్తా ఉందా? దినపత్రికలు చదివితే ఈ సందేహం మిగలదు. చెల్లింపు, కేటాయింపు, తొలగింపు, గుర్తింపు: బడ్జెట్ వార్తంతా ‘ఇంపు’ మీదే నడుస్తోంది. ముఖ్యంగా మినహాయింపు. మినహా ఉర్దూ దారిలో వచ్చిన మాట. దానికి ఇంచు చేర్చి క్రియ చేసుకున్నాం, పు చేర్చి భావనామం చేసుకున్నాం, ఆదాయపు పన్ను కాగితంలో కూర్చోబెట్టాం. ఫిన్నిష్ పక్కౌస్ కూడా స్వీడిష్ నుంచి వచ్చిన ధాతువుకు సొంత ప్రత్యయం తొడిగినదే. ఈ రెండు మాటలు ఒక బడిలో చదువుకున్నట్టుంటాయి. పేదరికం ఏకంగా గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ బోర్డు మీదికి ఎక్కింది, దారిద్ర్యం ‘రేఖ’ దగ్గరే ఆగిపోయింది. 2024 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం నడిపిన కార్యక్రమం పేరు స్వచ్ఛదనం–పచ్చదనం. స్వచ్ఛత అనే మాట సిద్ధంగా ఉండగా, పచ్చదనం పక్కన ప్రాస కోసం సంస్కృత విశేషణానికి దనం తగిలించారు. వ్యాకరణం తెలిసినవాళ్ళు నొచ్చుకొని ఉండొచ్చు. నాకు మాత్రం ఆ మాట ఎంతో ఆశ కలిగించింది: వినగానే అందరికీ తెలిసింది, ఎవరూ నిఘంటువు తీయలేదు. బతికున్న ప్రత్యయం లక్షణం అదే.

మనకు నిజంగా లోటున్న చోటు ఒకటుంది. ఫిన్నిష్‌లో కర్మార్థక విశేషణానికి ఊస్ చేర్చి ‘చేయడానికి వీలయ్యేతనం’ అనే తరగతినంతా తయారుచేస్తారు. లువెత్తవ చదవదగిన, లువెత్తవూస్ చదవడానికి వీలుగా ఉండే గుణం. సాతవ దొరికే, సాతవూస్ దొరకుబాటు. మనం లభ్యత అంటాం, లేదా ‘చదివించే గుణం’ అని రెండు మాటలు వాడతాం. చదవదగినతనం అంటే నోరు తిరగదు. ఇక్కడ సంస్కృతపు ‘త’ అవసరమే, దాన్ని కాదనే పట్టుదల నాకు లేదు.

కానీ దీనికి సరిగ్గా ఎదురుగా, మన దగ్గర ఒకప్పుడు వాళ్ళకంటే పదునైన పనిముట్టు ఉండేది. మాట్లాడకపోవడాన్ని ఫిన్నిష్‌లో పుహుమత్తొమూస్ అంటారు: ధాతువు, లేమి ప్రత్యయం, ఆపైన ఊస్. పాత తెలుగులో పలుకమి. చేయకపోవడం చేయమి, రాకపోవడం రామి, కొట్టకపోవడం కొట్టమి. వ్యతిరేకం, క్రియ, భావనామం మూడూ ఒక్క ‘మి’లో ఇమిడాయి. బాలవ్యాకరణం చదివినవాళ్ళకు ఇది తెలిసిన రూపమే. వాడుకలో అది పోయింది. ‘చేయకపోవడం’ అనే రెండు క్రియల అతుకు దాని చోటులోకి వచ్చింది. లే ధాతువు మీద మాత్రం ‘మి’ బతికి ఉంది: లేమి. బతికి ఉండడమే కాదు, ఈమధ్య మళ్ళీ పిల్లలు పెడుతోంది. డాక్టర్లూ పత్రికలూ నిద్రలేమి అంటున్నారు. ఫిన్నిష్‌లో అదే స్థితి ఉనెత్తొమూస్: ఉని నిద్ర, ఉనెతొన్ నిద్రలేని, ఆపైన ఊస్. వాళ్ళకు రెండు మెట్లు పట్టినచోట మనకు ఒక్కటే. అనిద్ర అనో నిద్రారాహిత్యం అనో రాసేవాళ్ళు తగ్గిపోయారు. వసతుల లేమి, సమన్వయ లేమి, అవగాహన లేమి కూడా విలేకరుల కాపీలో రోజూ కనిపిస్తున్నాయి. రేపు పాఠ్యపుస్తకాలు రాసే సంఘాలు కూర్చున్నప్పుడు నిర్, రాహిత్యం, అభావం అనే మూడు పరాయి తాళాలు వెతికేముందు ఈ ‘లేమి’ని ప్రతి పారిభాషిక పదం మీదా ఒకసారి పెట్టి చూడాలి. పోషకాల లేమి, రక్తలేమి, చదువులేమి. సగం వాటికైనా సరిపోతుంది.